పిన్ని కాపలా కాసిన వాన గుంట

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. వెనక ఉన్నవాళ్ళకు వినపడకపోతే మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది, రెండోసారి చెప్పినప్పుడల్లా ఈ కథ కాస్త పొడుగవుతోంది. ఇది ఒక వీధి చివరి గుంట కథ. గుంటకు కథేమిటని నవ్వకండి. మనుషుల కథల్లో ఉన్నంత పరువు గొడవ ఇందులోనూ ఉంది.

ఆ వీధి ఒక కొస ఎత్తు, ఇంకో కొస పల్లం. వాన నీళ్ళకు అసలే తొందరెక్కువ. పై మలుపులోని మెకానిక్ షెడ్డు నల్లనూనె, ఇళ్ళ ముందు ఊడ్చి పక్కింటి వైపు నెట్టిన చెత్త, ఎవరో కట్టుకుంటున్న గోడ తాలూకు సిమెంటు, అన్నీ నెత్తిన పెట్టుకుని పరుగున దిగివచ్చి, వీధి చివర ఒక గొట్టంలో దూరి, వెనక ఉన్న వాగులో పడేవి. వాగు ఆ పూటకు టీ రంగు, మర్నాటికి తారు రంగు. మూడో రోజుకు చేపలు వెల్లకిలా తేలేవి.

ఆ గొట్టం వేసింది ఎవరో కాదు, ఆ వీధిలోనే ఉండే ప్లంబరు బాబాయి. ముప్ఫై ఏళ్ళ కిందట, అతుకు దగ్గర చుక్క కారకుండా, తానే మెచ్చుకునేలా వేశాడు. పని మానేశాక ఒకనాడు తీరిగ్గా వాగు ఒడ్డుకు షికారు వెళ్ళి, తను వేసిన గొట్టం రెండో కొసన ఏం కక్కుతోందో మొదటిసారి చూశాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు కానీ ముద్ద నోట్లో పెట్టలేదు. "నా చేత్తోనే పెట్టానే" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. అంతగా మాట్లాడే మనిషి మాట్లాడకపోయేసరికి ఆయన భార్యకు భయం వేసింది. వీధంతా ఆమెను పిన్ని అనేది. మనమూ అలాగే అందాం.

ఆ మర్నాటి నుంచి బాబాయి గడప గడపకూ తిరిగాడు. మున్సిపల్ ఆఫీసువాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, గొట్టం నోరు మూయించి, దాని ముందు ఒక వాన గుంట తవ్వించాడు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు, మోకాటి లోతు. అడుగున కంకర, దాని మీద ఇసుక, పైన గుల్ల మట్టి, చుట్టూ రెల్లు మొక్కలు. వీధి నీళ్ళు ఇందులోకి దిగి, పరుగు మాని కాసేపు కూర్చుంటాయి. మోసుకొచ్చిన మురికి అక్కడే దించి, భూమిలోకి మెల్లగా ఇంకి, శుభ్రపడి వాగు చేరతాయి. ఆఫీసువాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే: వాన వెలిసిన ఒక రోజులో గుంట ఎండిపోవాలి. నీళ్ళు నిలిస్తే దోమలు పుడతాయి కాబట్టి గుంట పరీక్ష తప్పినట్టు. తప్పిన గుంటను పూడ్చి, సిమెంటు పోసి, మళ్ళీ గొట్టం వేస్తారు.

అంటే ఎండిపోయిన గుంటే మంచి గుంట. ఈ సంగతి మీకిప్పుడు ఒక్క నిమిషంలో తెలిసింది. బాబాయి దీన్ని వీధి మీటింగులో సుద్దముక్కతో బొమ్మలు గీసి రెండు గంటలు చెప్పాడు. అందుకే ఎవరికీ తెలియలేదు. పిన్ని ఆ రెండు గంటలూ టీ గ్లాసులు అందిస్తూనే ఉంది. ఇక ఇంట్లో అంటారా, ఆయన చెప్పే ప్రతిదానికీ సరిగ్గా మధ్యలో "ఊఁ" అనడం ఆమెకు పెళ్ళైన రెండో ఏడే అలవాటైపోయింది.

తనిఖీ రోజు పొద్దున బాబాయి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు.

"ఇవాళ ఇది తప్పిందా, రేపు సిమెంటు లారీ వస్తుంది. నేను వేసిన గొట్టం పక్కనే ఇంకా పెద్ద గొట్టం. ఈసారి వాగులో చేపలు కాదు, కప్పలు కూడా మిగలవు."

"తప్పదులెండి. ముందు ఆ గుండీలు సరిగా పెట్టుకోండి, ఒకటి ఎక్కువొచ్చింది."

"నేను ఆఫీసుకు వెళ్ళి తనిఖీ చేసే ఇంజనీరమ్మను వెంటబెట్టుకొస్తాను. పోయినసారి ఆవిడ దారి తప్పి, పక్క వీధిలో ఎవరో మొక్క నాటుకోవడానికి తీసిన గొయ్యి కొలుచుకుని వెళ్ళిపోయింది. పదిన్నరకల్లా వచ్చేస్తాం. ఈలోపు నువ్వు గుంట మీద ఓ కన్నేసి ఉంచు."

"ఒక కన్నేం ఖర్మ, రెండూ వేస్తాను. మీరు వెళ్ళిరండి."

ఆయన కన్నేసి ఉంచమన్న ఆ ఒక్క మాట అనకుండా బస్సెక్కి ఉంటే ఇవాళ మనం వేరే కథ చెప్పుకునేవాళ్ళం.

పిన్ని వాకిలి పని ముగించుకుని, చీపురు చేతిలోనే పట్టుకుని గుంట దగ్గరికి వెళ్ళింది. వాన పడి పదకొండు రోజులైంది. గుంటలో ఎండుటాకులు, రెండు గులకరాళ్ళు, ఒక చీమల బారు. అంతే. ఆమెకు తల కొట్టేసినట్టయింది. నీళ్ళ గుంట చూడ్డానికి అంత దూరం నుంచి ఒక ఆడపిల్ల వస్తుంటే, గుంటలో ఉమ్మేద్దామన్నా తడి లేదు. చుట్టాలొచ్చే వేళకు ఇంట్లో ఖాళీ బిందెలు బోర్లించిపెట్టినట్టుంది.

గబగబా ఇంట్లోకి వెళ్ళి రెండు బకెట్లు తెచ్చి పోసింది. నీళ్ళు గుంటలో పడ్డాయి, గుడగుడమన్నాయి, కనపడకుండా పోయాయి. ఇంకో రెండు పోసింది. అవీ పోయాయి.

నలభై ఏళ్ళు ప్లంబరుతో కాపురం చేసిన మనిషికి నీళ్ళ గురించి రూఢిగా తెలిసింది ఒక్కటే: పోసిన నీళ్ళు కనపడకపోతే ఎక్కడో కారుతున్నాయి. కారడమంటే చేసినవాడి చేతికి అవమానం. ఆమె ఇంట్లో ఏ కుళాయి కిందా ఒక్క పూట గిన్నె పెట్టింది లేదు. ఇప్పుడు చూస్తే, ఆయన ఇంత పేరు పెట్టుకుని తవ్వించిన గుంటకు అడుగే లేదు. ఇంజనీరమ్మ చూసిందంటే కొంప మునిగినట్టే. ఆయన మళ్ళీ కంచం ముందు అలా కూర్చుండిపోతాడు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, బాబాయి గోడలకు చెవి ఆనించి విన్నట్టే నేలకు చెవి ఆనించింది.

"ఏం చెల్లెమ్మా, భూమి ఏమంటోంది?"

తలెత్తి చూస్తే మూలింటి లాయరు గారు. ఆయన కోర్టు మానేసినా అభ్యంతరాలు చెప్పడం మానలేదు. వీధిలో దీపం వేసినా, స్పీడ్ బ్రేకరు వేసినా ఆయన దగ్గర ఒక నోటుబుక్కు సిద్ధం. గుంట మీద అయితే మొదటి పలుగు పోటు నాటి నుంచే అభ్యంతరం. ఆయనకు కావలసింది సిమెంటూ గొట్టమూను.

"అన్నయ్యగారూ, నీళ్ళు నిలవడం లేదండీ. మీరు ఎవరితోనూ అనకండి."

"నేనెందుకంటాను? రాసుకుంటాను. ఎన్ని బకెట్లు పోశావ్?"

"నాలుగు."

ఆయన గడియారం చూసి, నోరు కదుపుతూ రాశాడు. "ఎనిమిదీ పది, నాలుగు బకెట్లు. ఎనిమిదీ పదమూడు, శూన్యం. ఊఁ, పొయ్యమ్మా, ఇంకో నాలుగు పొయ్యి. సాక్ష్యం గట్టిగా ఉండాలి."

ఈ మాటలకు గుంటకు ఆనుకుని ఉన్న ఇంట్లోంచి టైలరమ్మ మెడలో టేపుతో బయటికి వచ్చింది.

"పిన్నీ, ఆ నీళ్ళు ఎటు పోతున్నట్టు?"

"కిందికి" అన్నాడు లాయరు గారు.

"కిందికంటే ఎవరి కిందికండీ?"

లాయరు గారు ఆమె ఇంటి గోడను పై నుంచి కింది దాకా ఒకసారి చూసి, మళ్ళీ నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. అంతే చాలింది. టైలరమ్మ లోపలికి పరిగెత్తింది. రెండు నిమిషాల్లో ఆమె కుట్టుమిషను వీధిలోకి వచ్చింది. దాని వెనకే స్టూలు, ఇస్త్రీ పెట్టె, కుట్టాల్సిన జాకెట్ల మూట, కుట్టేశాక ఎవరూ తీసుకెళ్ళని జాకెట్ల మూట వచ్చాయి.

"అమ్మాయ్, ఏమిటా సర్దడం?"

"ఇల్లు కుంగితే మిషను ఎవరిస్తారు పిన్నీ? మీ ఆయన గుంట నా పునాది తాగేస్తోంది."

"మీ పునాది తాగడానికి ఇదేమైనా రాక్షసా? కాస్త ఓపిక పట్టు. నింపేస్తే అదే సర్దుకుంటుంది."

పిన్ని మిద్దె మీది ట్యాంకు నుంచి పైపు లాగి గుంటలో పడేసింది. నలభై నిమిషాలకు ఇంట్లో కుళాయి చీదింది. ట్యాంకు ఖాళీ. గుంట మాత్రం, కడుపు నిండా భోంచేసి ఏమీ ఎరగనట్టు కూర్చున్న పెద్దమనిషిలా, పైన కాస్త తడితో నిగనిగలాడుతోంది. "తొమ్మిదీ అయిదు, మిద్దె ట్యాంకు మొత్తం. తొమ్మిదీ పన్నెండు, శూన్యం" అని లాయరు గారు సంతోషంగా రాసుకున్నాడు.

అప్పుడు పిన్ని తన తమ్ముడికి ఫోను చేసింది. తమ్ముడికి నీళ్ళ ట్యాంకరు ఉంది.

"తమ్ముడూ, బండి తీసుకుని ఉన్నపళంగా రా."

"అక్కా, నేను హాస్టలు గేటు ముందున్నానే. రెండు వందల మంది తువ్వాళ్ళు భుజాన వేసుకుని నిలబడ్డారు."

"ఒక పూట ఒళ్ళు తోముకోకపోతే ఎవరూ చావరు. మీ బావ సంగతి చూడు."

"బావకేమైంది?"

"ఇంకా ఏం కాలేదు. పదిన్నరకు అవుతుంది."

తమ్ముడు హడలిపోయి వచ్చాడు. దారిలో బావకు ఒంట్లో బాగాలేదేమోనని ఇద్దరు బంధువులకు కబురు కూడా పెట్టాడు. వచ్చి చూస్తే బావ లేడు, గుంట ఉంది. సంగతి విని, ట్యాంకరు గొట్టం కొంచెం విప్పి, నీళ్ళు పోయే దారి చూసి కట్టేశాడు.

"అక్కా, ఇది నిండే రకం కాదు. కింద ఏదైనా పరవాలి. పెద్ద టార్పాలిన్ లాంటిది."

ముగ్గురి కళ్ళూ ఒకేసారి టైలరమ్మ వసారా మీద పడ్డాయి. ఎండకూ వానకూ అడ్డుగా అక్కడ కట్టిన నీలం టార్పాలిన్ కొని నెల కాలేదు.

"నా టార్పాలినా?" అంది టైలరమ్మ.

"ఇది పరిస్తే నీ పునాదికి చుక్క పోదు" అన్నాడు తమ్ముడు.

ఆమె తాడు విప్పడానికి స్టూలు తనే తెచ్చుకుంది.

టార్పాలిన్ పరిచారు, అంచుల మీద ఇటుకలు పెట్టారు, ట్యాంకరు మొత్తం వదిలారు. ఈసారి నీళ్ళు నిలిచాయి. అంచుల దాకా వచ్చి, అద్దంలా ఆగి, ఆకాశాన్ని చూపించాయి. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. నీలం అంచు కనపడితే బాగుండదని ఇటుకల మీద మట్టి కప్పింది. మట్టి బోడిగా ఉందని ఇంట్లోని పూలకుండీలన్నీ తెచ్చి చుట్టూ పేర్చింది. ఇంత అందమైన గుంటను ఏ ఇంజనీరు కాదంటుందో చూద్దామని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. టైం పదీ ఇరవై ఎనిమిది.

పదిన్నరకు బాబాయి, ఇంజనీరమ్మ మలుపు తిరిగారు. బాబాయి దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. "పదకొండు రోజుల కిందట పెద్ద వాన పడింది మేడం. సాయంత్రం పడితే పొద్దున లేచేసరికి చుక్క లేదు. మీరే చూస్తారుగా, పొడి పొడిగా, ఇసుక తిన్నెలా..."

ఆయన మాట అక్కడే ఆగిపోయింది. వీధి మధ్యలో కుట్టుమిషను, గోడ మీద జాకెట్లు, అడ్డంగా ట్యాంకరు, ఆయన ఆరోగ్యం కనుక్కోవడానికి వచ్చిన ఇద్దరు బంధువులు. వీటన్నిటి వెనక, పూలకుండీల మధ్య, నిండు చెరువు.

ఇంజనీరమ్మ చాలాసేపు చూసింది. తర్వాత కాగితం తీసింది.

"పదకొండు రోజులన్నారు కదండీ."

"అన్నాను" అన్నాడు బాబాయి.

"పదకొండు రోజులైనా ఇంకలేదన్నమాట."

ఆమె కాగితం మీద కలం పెట్టబోతుంటే బాబాయి ముఖం చూసింది పిన్ని. అచ్చం ఆ కంచం ముందు ముఖమే. ఎక్కడో ఏదో తల్లకిందులైందని అప్పుడు తట్టింది ఆమెకు. తడుముకోకుండా ముందుకొచ్చింది.

"అమ్మా, ఆయన తప్పు లేదు. ఇవి వాన నీళ్ళు కావు, పొద్దున్నించీ నేను పోసినవి."

"అందరూ అలాగే అంటారమ్మా. పోయిన వారం ఒకాయన గుంటలో దోమ పిల్లలు ఈదుతున్నాయి. ఇప్పుడే పోశానన్నాడు. దోమ పిల్లల్ని కూడా ఇప్పుడే పోశారా అని అడిగాను."

"ఒట్టు. మా తమ్ముణ్ణి అడగండి."

"సొంత తమ్ముడి మాట సాక్ష్యానికి పనికిరాదు" అంటూ లాయరు గారు గొంతు సవరించుకుని ముందుకు జరిగాడు. ఆయన ఈ ఘడియ కోసమే ఉదయం కాఫీ కూడా మానేశాడు. "అమ్మాయీ, నేను ఈ గుంటకు బద్ధ విరోధిని. ఆ సంగతి మీ ఆఫీసులో నా పేరున ఉన్న పదకొండు ఉత్తరాలు చెబుతాయి. దీనంత పనికిమాలిన గుంట ఇంకోటి లేదు. ఇదిగో రుజువు. ఎనిమిదీ పది, నాలుగు బకెట్లు. ఎనిమిదీ పదమూడు, శూన్యం. ఎనిమిదీ ఇరవై, మరో నాలుగు. ఎనిమిదీ ఇరవై నాలుగు, శూన్యం."

ఇంజనీరమ్మ కలం ఆగింది. "మళ్ళీ చదవండి."

"ఎన్నిసార్లయినా చదువుతాను. తొమ్మిదీ అయిదుకు మిద్దె ట్యాంకు మొత్తం. తొమ్మిదీ పన్నెండుకు శూన్యం. ఇది గుంటా, జల్లెడా? చిట్టచివరికి టార్పాలిన్ పరిస్తే తప్ప చెంచాడు నీళ్ళు నిలబెట్టలేకపోయారు."

బాబాయి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "లాయరు గారూ, ఆ ఎనిమిదీ ఇరవై నాలుగుది కాస్త గట్టిగా చదవండి" అన్నాడు.

"నాకు గొంతు లేదనుకున్నావా?" అని లాయరు గారు వాగు అవతలికి వినపడేలా చదివాడు.

"దీని మీద సంతకం పెట్టి ఇస్తారా?" అంది ఇంజనీరమ్మ.

"ఒకటేం ఖర్మ, మూడు కాపీలు ఇస్తాను" అని అక్కడే కుట్టుమిషను మీద మూడుసార్లు ఎత్తి రాసి, మూడింటి మీదా తారీఖు వేసి సంతకం చేశాడు.

"ఇక ఆ టార్పాలిన్ తీస్తే నా కళ్ళతో చూస్తాను."

తీయడం ఎలా? అయిదు వేల లీటర్లు దాని మీద కూర్చుని ఉన్నాయి. నలుగురు లాగితే అంచు మీది పూలకుండీ ఒకటి దొర్లి నీళ్ళలో పడింది కానీ టార్పాలిన్ కదల్లేదు. అందరూ టైలరమ్మ వైపు చూశారు. ఆమె కత్తెర వైపు చూసింది.

"నెల కూడా కాలేదు పిన్నీ" అంది.

"తెలుసే అమ్మాయ్."

టైలరమ్మ చీర కుచ్చెళ్ళు బిగించి మోకాలి లోతు నీళ్ళలో దిగింది. చేత్తో తడిమి, జాకెట్టు గుడ్డకు పెట్టినట్టే గీత చూసుకుని, పొడుగునా ఒక్క కోత కోసింది. "వంకర పోలేదు. మళ్ళీ కుట్టుకోవచ్చు" అంది గట్టెక్కుతూ.

నీళ్ళు అప్పుడే మాయం కాలేదు. మెల్లగా, ఎవరినీ నొప్పించకుండా లేచి వెళ్ళిపోయే మనిషిలా దిగడం మొదలుపెట్టాయి. ఇంజనీరమ్మ పిన్ని వసారాలో కూర్చుని పక్కింటి నీళ్ళతో పెట్టిన టీ తాగింది, అరగంటకోసారి వెళ్ళి కర్ర ముంచి కొలిచింది. బాబాయి ఆ కర్ర వెనకే తిరిగాడు. ఒకటిన్నరకు గుంట అడుగున చీలిన టార్పాలినూ బోర్లా పడిన పూలకుండీ మిగిలాయి.

"చూశారా, మళ్ళీ పోయాయి" అన్నాడు లాయరు గారు విజయగర్వంతో.

"చూశానండీ" అని ఇంజనీరమ్మ కాగితం మీద గుంట నెగ్గిందని రాసి సంతకం చేసింది. లాయరు గారు ఆ వాక్యం మూడుసార్లు చదువుకుని, తన మూడు కాపీలూ వెనక్కి ఇమ్మన్నాడు. ఆమె అప్పటికే వాటిని సంచిలో పెట్టేసుకుంది.

అందరూ వెళ్ళాక బాబాయి గుంట గట్టు మీద కూలబడ్డాడు. "నలభై ఏళ్ళలో నేను చెప్పింది ఒక్క ముక్కయినా విన్నావా నువ్వు?"

"వినుంటే ఆ గుంట ఎండిపోయి ఉండేది. అంత దూరం వచ్చిన పిల్ల ఏం చూసి వెళ్ళేది?"

బాబాయి చొక్కా దులుపుకుని లేచాడు. ఆ పూట ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు. పిన్నికి కావలసింది అదే.

అసలు వింత నెల తర్వాత వచ్చింది. టార్పాలిన్ పరిచి, నింపి, ఒక్కసారిగా కోస్తే నీళ్ళు ఎంతసేపట్లో ఇంకుతాయో నిమిషాలతో సహా తెలుస్తుందని ఇంజనీరమ్మ తన నివేదికలో రాసింది. ఆఫీసులో పెద్దలకు అది తెగ నచ్చింది. ఊళ్ళో ఉన్న పంతొమ్మిది వాన గుంటలనూ ఇలాగే పరీక్షించాలని ఉత్తర్వు వేశారు. ఆ ఉత్తర్వు రాసిన గుమాస్తా నివేదికలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు: పరీక్షకు ఒక టార్పాలిన్, ఒక ట్యాంకరు, కత్తెర పట్టగల టైలరు ఒకరు, ప్లంబరు గారి భార్య ఒకరు, అభ్యంతరం చెప్పే పెద్దమనిషి ఒకరు తప్పనిసరిగా హాజరుండాలి.

ఇదీ కథ. ఇది మీతోనే ఉంచుకోకండి. మీ వీధి నీళ్ళు ఎటు పోతున్నాయో ఎవరైనా అడిగినప్పుడు ఒక్క ముక్క వదలకుండా చెప్పండి. టార్పాలిన్లకూ ట్యాంకర్లకూ టైలర్లకూ ప్లంబర్ల భార్యలకూ ఇప్పటికీ వెతుకులాటేనట కానీ, అభ్యంతరం చెప్పే పెద్దమనిషి కోసం మాత్రం ఏ వీధీ ఇంతవరకు ఒక్క పూట కూడా ఆగాల్సి రాలేదట.